స్కౌట్‌కు చెప్పిన మాట ముందు మీ అబ్బాయికి తెలియాలి

ప్రశ్న: మాది గుంటూరు. ఇరవై ఏళ్ళుగా డాలస్ దగ్గర ఉంటున్నాము. ఇద్దరమూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులమే. మా పెద్దవాడికి పద్దెనిమిదేళ్ళు. ఈ నెలాఖరుకు హైస్కూలు పూర్తవుతుంది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో వైడ్ రిసీవర్, బేస్‌బాల్‌లో సెంటర్ ఫీల్డర్. పక్క రాష్ట్రంలోని విశ్వవిద్యాలయం ఒకటి ఫుట్‌బాల్ కోసం పూర్తి స్కాలర్‌షిప్ ఇచ్చింది. డిసెంబరులో సంతకం చేశాడు. అక్కడ బేస్‌బాల్ కూడా ఆడుకోవచ్చని కోచ్ మాట ఇచ్చారు. ఇంతలో కొత్త ఆటగాళ్ళను వెతికే బేస్‌బాల్ జట్ల స్కౌట్లు ఇంటికి రావడం మొదలైంది. జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్ జూలైలో ఉంది, దానిలో రెండో రౌండులోనో మూడో రౌండులోనో తీసుకోవచ్చని, తీసుకుంటే కాలేజీకి వెళ్ళకుండా నేరుగా చేరాలని అంటున్నారు. డిగ్రీ లేకుండా బతుకేమిటని మావారు. రెండేళ్ళ క్రితం ఫుట్‌బాల్‌లో తలకు దెబ్బ తగిలి వాడు కొన్నాళ్ళు బడికి వెళ్ళలేకపోయాడు, అప్పటినుంచి ఆ ఆటంటేనే నాకు వణుకు. వాడిని అడిగితే రెండూ ఇష్టమే అంటాడు. రోజూ రాత్రి గరాజ్‌లో వల కట్టుకుని బ్యాటుతో బంతులు కొడుతూ ఉంటాడు. ఫుట్‌బాల్ వీడియోలు మాత్రం కోచ్ గుర్తు చేస్తే చూస్తాడు. గుంటూరు నుంచి అత్తగారు ఫోన్ చేసినప్పుడల్లా ‘ఏ కాలేజీ’ అని అడుగుతారు. పోయిన నెల ఒక స్కౌట్ ఫోన్ చేస్తే, ‘మావాడు సంతకం చేయడు, కాలేజీకే వెళ్తాడు’ అని మావారు చెప్పేశారు. ఈ సంగతి వాడికి తెలియదు. తెలిసి నేనూ ఊరుకున్నాను. ఏ ఆట వైపు మొగ్గమంటారు?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ఏ ఆట అన్నదానికి నాకు తోచింది తప్పకుండా చెబుతాను. దానికంటే ముందు ఆ ఫోన్ సంగతి తేలాలి. మీ ఉత్తరంలో చివర రెండు వాక్యాల్లో తేల్చేశారు గానీ, నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే.

మీవారు చెప్పిన మాట బరువు బహుశా ఆయనకే తెలియదు. డ్రాఫ్ట్‌లో ఎంచుకున్న ఆటగాళ్ళకు సంతకం చేసినందుకు ఇచ్చే బోనస్‌ల కోసం ప్రతి జట్టుకూ ఒక మొత్తం ఉంటుంది. మొదటి పది రౌండ్లలో ఒకరిని ఎంచుకుని, అతను సంతకం చేయకపోతే ఆ స్థానానికి కేటాయించిన డబ్బు ఆ మొత్తంలోంచి పోతుంది. అందుకే స్కౌట్లు కుర్రవాడి ఆట ఎంత జాగ్రత్తగా చూస్తారో, వాడు సంతకం చేస్తాడా లేదా అన్నది కూడా అంత జాగ్రత్తగా రాసుకుంటారు. ‘చేయడు’ అని తండ్రి నోటి నుంచి వస్తే ఆ జట్టు మీ అబ్బాయి పేరు పక్కన పెట్టేసే అవకాశం ఉంది. డ్రాఫ్ట్ రోజున అయితే ‘ఇంత ఇస్తాం, వస్తాడా’ అని ఫోన్ చేసి నిమిషాల్లో జవాబు అడుగుతారు. ఆ రోజు ఫోన్ మోగకపోతే తన ఆట చాలలేదని వాడు అనుకుంటాడు. ఏ రెండేళ్ళకో ఎవరి ద్వారానో అసలు సంగతి తెలిస్తే, అప్పుడు వాడికి పోయేది ఆట ఒక్కటే కాదు, మీ ఇద్దరి మీద నమ్మకం కూడా.

కాబట్టి ఈ వారంలోనే చెప్పండి. చెప్పాల్సింది మీవారు. మీరు పక్కన కూర్చోండి. తెలిసి కూడా ఊరుకున్నానని మీరు కూడా చెప్పండి, ఆ భారం ఆయన ఒక్కరి మీద వేయకండి. ‘నీ మంచికే చేశాం’ అని మొదలుపెట్టవద్దు. ‘నిన్ను అడగకుండా నీ తరఫున మాట ఇచ్చాను, అది తప్పు’ అని మొదలుపెట్టమనండి. వాడు కోప్పడితే కోప్పడనివ్వండి, ఆ రాత్రికి వివరణలు వద్దు. మర్నాడు మీవారు అదే స్కౌట్‌కు ఫోన్ చేసి, ‘అది నా అభిప్రాయం, మా అబ్బాయిది కాదు, ఇకపై వాడే మాట్లాడతాడు’ అని చెప్పాలి. తండ్రికి ఇది కష్టమైన ఫోనే. అయినా ఆయనే చేయాలి.

ఇక మీ భయాల గురించి. రెండూ నిజమైన భయాలే. వాటిని మీరిద్దరూ ఒకరి మీద ఒకరు వాదనలుగా విసురుకుంటున్నారు. మధ్యలో నలిగేది గరాజ్‌లో ఉన్న కుర్రవాడు.

మీవారికి చదువు పోతుందని భయం. గుంటూరు నుంచి చదువునే నమ్ముకుని అంత దూరం వెళ్ళిన మనిషికి ఆ భయం ఉండదా! కానీ బేస్‌బాల్‌లో చేరితే డిగ్రీకి తలుపులు మూసుకుపోవు. హైస్కూలు నుంచి నేరుగా సంతకం చేసే కుర్రవాళ్ళు తమ ఒప్పందంలోనే కాలేజీ చదువు ఖర్చు రాయించుకోవచ్చు. ఇన్ని సెమిస్టర్లు, సెమిస్టరుకు ఇంత అని జట్టు ఒప్పుకుంటుంది. ఆట మానేశాక రెండేళ్ళలోపు చదువు మొదలుపెట్టాలి, అదే షరతు. ఈ అంకెను బోనస్ అంకెతో సమానంగా పట్టుబట్టి మాట్లాడుకోవాలి. నాలుగేళ్ళకు సరిపోయేలా ఎనిమిది సెమిస్టర్లు, మీ అబ్బాయి చేరాలనుకున్న విశ్వవిద్యాలయంలో నిజంగా అయ్యే ఖర్చు ప్రకారం. ఇరవై అయిదేళ్ళ వయసులో పద్దెనిమిదేళ్ళ పిల్లల పక్కన కూర్చుని చదవడం అందరికీ కుదిరేది కాదు. అందుకని ఖర్చు రాయించుకోవడంతో సరిపోదు, తిరిగి చదువుతావా అని వాడిని ముఖాముఖి అడగాలి.

మీకు తల దెబ్బ గురించి భయం. అది తల్లి మనసు మాత్రమే కాదు. పదే పదే తలకు తగిలే దెబ్బలకూ సీటీఈ అనే మెదడు జబ్బుకూ ఉన్న సంబంధాన్ని బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏళ్ళ తరబడి అధ్యయనం చేస్తున్నారు. మనిషి బతికి ఉండగా ఆ జబ్బును కచ్చితంగా నిర్ధారించే పరీక్ష ఇప్పటికీ లేదు. అందుకే అంచనాలతో కాలం గడపకండి. రెండేళ్ళనాటి వైద్య కాగితాలు తీసుకుని, క్రీడాకారుల తల గాయాలు చూసే నరాల వైద్యుడి దగ్గరికి ముగ్గురూ వెళ్ళండి. ‘ఇంకో నాలుగేళ్ళు ఈ ఆట ఆడితే ఈ కుర్రవాడికి ముప్పు ఎంత’ అని వాడి ముందే అడగండి. వైద్యుడు వద్దంటే ఇక మిగతా చర్చే అవసరం లేదు. పరవాలేదంటే మాత్రం మీరు ఆ భయాన్ని అస్త్రంగా వాడడం ఆపాలి. ఇంకొకటి, బేస్‌బాల్ పూలపాన్పు అనుకోవద్దు. దానిలోనూ మోకాళ్ళు, భుజాలు, మోచేతులు దెబ్బతింటాయి.

ఆ ఆటలో బతుకు ఎలా ఉంటుందో కూడా చూడండి. ఇల్లలకగానే పండగ కాదు. డ్రాఫ్ట్ అయినవారిలో ఎక్కువమంది పెద్ద లీగ్ మెట్టు ఎక్కనే ఎక్కరు. మొదట ఫ్లోరిడాలోనో అరిజోనాలోనో శిక్షణ మైదానాలు, ఆ తర్వాత చిన్న ఊళ్ళలో మైనర్ లీగ్ జట్లు, మంగళవారం నుంచి ఆదివారం దాకా రోజూ ఆట, ఊరి నుంచి ఊరికి బస్సు. ఒకప్పుడు అక్కడి కుర్రవాళ్ళకు సరిగా జీతం కూడా ఉండేది కాదు. 2022 నుంచి జట్లే వసతి ఇస్తున్నాయి. 2023లో కుదిరిన ఒప్పందంతో కింది మెట్లలో ఒకటైన ‘లో-ఏ’ స్థాయి జట్టులో ఏడాదికి 26,200 డాలర్లు, పై మెట్టయిన ట్రిపుల్ ఏలో 35,800 డాలర్లు మొదలయ్యాయి. పెద్ద లీగ్‌లో అడుగుపెడితే 2026లో కనీస జీతమే 7,80,000 డాలర్లు. నడుమ ఉన్న ఆ అగాధం దాటడానికి ఎన్నేళ్ళు పడుతుందో ఎవరూ చెప్పలేరు.

ఇలాంటి కూడలిలోనే నిలబడ్డ ఇద్దరిని చూడండి. జో మావర్ ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఫుట్‌బాల్ క్వార్టర్‌బ్యాక్‌గా చేరాల్సినవాడు. 2001లో మిన్నెసోటా ట్విన్స్ మొదటి ఆటగాడిగా ఎంచుకుంటే బేస్‌బాల్‌కే వెళ్ళాడు, 2024లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. బబ్బా స్టార్లింగ్ కూడా నెబ్రాస్కాలో ఫుట్‌బాల్ ఆడాల్సినవాడే. 2011లో కాన్సస్ సిటీ రాయల్స్ అయిదో స్థానంలో ఎంచుకుని 75 లక్షల డాలర్లు ఇచ్చింది. పెద్ద లీగ్‌లో మొదటి ఆట ఆడేసరికి 2019 అయింది, అక్కడ ఎక్కువ కాలం నిలవలేదు. ఒకే నిర్ణయం, రెండు బతుకులు. స్టార్లింగ్ తప్పు చేశాడని నేను అనను. అతను ఆడాలనుకున్న ఆటే ఆడాడు.

వెనక్కి వచ్చే దారి గురించి కూడా తెలుసుకోండి. బ్రాండన్ వీడెన్‌ను 2002లో బేస్‌బాల్ జట్టు యాంకీస్ రెండో రౌండులో తీసుకుంది. కొన్నేళ్ళు మైనర్ లీగ్‌లో పిచర్‌గా (బంతి విసిరేవాడిగా) ఆడి, ఆగిపోయి, ఓక్లహోమా స్టేట్ విశ్వవిద్యాలయంలో చేరి ఫుట్‌బాల్ ఆడాడు. 28 ఏళ్ళ వయసులో, 2012లో, వృత్తి ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ మొదటి రౌండులో ఎంపికయ్యాడు. ఒక ఆటలో జీతం తీసుకున్నవాడు ఇంకో ఆటలో కాలేజీ ఆటగాడిగా ఉండడానికి అక్కడి నియమాలు దారి ఇచ్చాయి. కానీ కాలేజీ క్రీడల నియమాలు ఇటీవల చాలా వేగంగా మారుతున్నాయి. వీడెన్‌ను చూసి మీ అబ్బాయికీ ఆ తలుపు తెరిచే ఉంటుందని లెక్క వేసుకోకండి. విశ్వవిద్యాలయంలో నియమాలు చూసే విభాగాన్ని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఏజెంటుతో మాట్లాడే ముందు కూడా వారినే అడగండి.

కాలేజీ నుంచి బేస్‌బాల్‌కు వచ్చే దారి మరోలా ఉంటుంది. నాలుగేళ్ళ కాలేజీలో చేరితే మూడో ఏడు పూర్తయ్యేదాకానో, 21 ఏళ్ళు నిండేదాకానో బేస్‌బాల్ డ్రాఫ్ట్ లేదు. ఆ మూడేళ్ళూ బేస్‌బాల్ నిజంగా ఆడితేనే ఆ తలుపు తెరిచి ఉన్నట్టు. కుమార్ రాకర్ పేరు మీవాడు తప్పక విని ఉంటాడు. తల్లి వైపు భారతీయ మూలాలు, తండ్రి ట్రేసీ రాకర్ ఆబర్న్ విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్‌లో పేరు మోసిన ఆటగాడు. కొడుకు పిచర్ అయ్యాడు. 2018లో హైస్కూలు నుంచి 38వ రౌండులో తీసుకుంటే సంతకం చేయకుండా వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. 2021లో మెట్స్ జట్టు పదో స్థానంలో ఎంచుకుని కూడా వైద్య పరీక్షల తర్వాత ఒప్పందం చేసుకోలేదు. 2022లో మీ పక్కనున్న ఆర్లింగ్టన్ జట్టు రేంజర్స్ మూడో స్థానంలో తీసుకుంది. ఆ తర్వాత మోచేతికి శస్త్రచికిత్స, 2024లో పెద్ద లీగ్. కాలేజీకి వెళ్ళడం అతనికి మేలే చేసింది. కానీ అతను కాలేజీలో ఆడింది బేస్‌బాలే.

అందుకే ‘రెండూ ఆడుకోవచ్చు’ అన్న కోచ్ మాటను గట్టిగా పరీక్షించండి. కాలేజీ బేస్‌బాల్ ఫిబ్రవరి మధ్యలో మొదలవుతుంది. ఫుట్‌బాల్ వసంతకాలపు సాధన కూడా సరిగ్గా ఆ మార్చి, ఏప్రిల్‌లలోనే. ‘మార్చిలో మంగళవారం మధ్యాహ్నం నేను ఏ మైదానంలో ఉంటాను’ అని మీ అబ్బాయినే కోచ్‌ను అడగమనండి. సూటిగా జవాబు వస్తే మంచిది. నీళ్ళు నమిలితే అది కూడా జవాబే. ఆ కోచ్ వచ్చే ఏడు వేరే చోటికి వెళ్ళిపోతే ఏమిటన్నది కూడా అడగాలి. కైలర్ మర్రే 2018లో ఓక్లాండ్ జట్టుతో బేస్‌బాల్ ఒప్పందం చేసుకుని, దానిలోనే ఇంకో ఏడాది ఓక్లహోమాలో ఫుట్‌బాల్ ఆడే వీలు పొందాడు. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికి ఇచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచి చివరికి ఫుట్‌బాల్‌కే వెళ్ళాడు, తీసుకున్న బోనస్‌లో చాలా భాగం తిరిగి ఇచ్చాడు. ఆ దారి మొదటి రౌండులో తొమ్మిదో స్థానంలో వచ్చినవాడికి దొరికింది, అందరికీ దొరికేది కాదు.

డబ్బు లెక్క వాడితోనే వేయించండి. పది లక్షల డాలర్ల బోనస్ అంటే పన్నులూ ఏజెంటు వాటా పోగా చేతికి మిగిలేది సుమారు ఆరు లక్షలు. ఆ డబ్బుతో అయిదారేళ్ళు ఆడి, పెద్ద లీగ్ చేరకుండా ఇంటికి వచ్చినా పశ్చాత్తాపపడని అంకె ఎంత? దాన్ని జూన్ చివరికల్లా వాడు తేల్చుకోవాలి, మీకు చెప్పాలి. అంతకు తగ్గితే కాలేజీ, అంతకు పైనైతే బేస్‌బాల్. డ్రాఫ్ట్ రోజు ఫోన్ మోగినప్పుడు ఆ అంకెను ఎవరూ మార్చకూడదు. ఆశపడి మీరు తగ్గించవద్దు, చదువు కోసం మీవారు పెంచవద్దు. కాలేజీ పక్షాన కూడా అంకె ఉంది. 2025 జూలై నుంచి విశ్వవిద్యాలయాలు ఆటగాళ్ళకు నేరుగా డబ్బు ఇవ్వవచ్చు. ఫుట్‌బాల్‌కు అందులో పెద్ద వాటా దక్కుతోంది. మీవాడికి ఇస్తామన్నది ఎంతో, ఎన్నేళ్ళకో కాగితం మీద చూడండి.

నాకు తోచింది అడిగారు కనుక చెబుతున్నాను. వైద్యుడి మాట ఎలా ఉన్నా, మీవాడు బేస్‌బాల్ వైపు మొగ్గి ఉన్నాడనిపిస్తోంది. ఎవరూ పిలవకుండా రాత్రిపూట వెళ్ళి చేసే సాధన ఒకటి, గుర్తు చేస్తేనే చూసే వీడియోలు ఒకటి. ఈ తేడా మీరే రాశారు. డ్రాఫ్ట్ దగ్గరపడుతోంది కనుక ఆ బ్యాటు చేతిలో ఉందేమో కూడా, అందుకే నా మాటను తీర్పుగా తీసుకోకండి. ‘ఏది ఇష్టం’ అని మళ్ళీ అడగవద్దు, ‘రెండూ’ అనే అంటాడు. ‘వచ్చే ఏడాది ఏది ఆడకపోతే నీకు నిద్ర పట్టదు’ అని అడిగి, జవాబు వచ్చేదాకా మీరిద్దరూ మాట్లాడకుండా ఉండండి. అంకె కుదిరి, వాడు బేస్‌బాల్ అంటే పంపండి. కుదరకపోతే కాలేజీకి సంతోషంగా పంపండి, అది రెండో రకం బతుకేమీ కాదు.

మీ అత్తగారికి మీవారే చెప్పాలి, తేలిన తర్వాతే చెప్పాలి. ఇప్పటికి ‘జూలై దాకా ఆగు అమ్మా’ అంటే చాలు.

మీ అబ్బాయి నాకు నేరుగా రాయాలనుకుంటే రాయమనండి. తెలుగులో రాయడం కష్టమైతే ఇంగ్లీషులో రాసినా చదువుతాను. మీకు చెప్పకుండానే జవాబిస్తాను.