పగలంతా ఎండ కాసిన రోజే రాత్రి చలి ఎందుకు ఎక్కువ?

డిసెంబరులో పగలు అంత ఎండ కాసినా రాత్రి వణికిపోతున్నాం, ఆ వేడంతా ఎటు పోతోందని అడిగారు. మాది ఆదిలాబాద్ వైపు. మధ్యాహ్నం 28, 29 డిగ్రీలుండి, తెల్లారేసరికి 10 కంటే కిందికి దిగడం మాకు మామూలే.

ఆ వేడి ఆకాశంలోకే పోతుంది. నేల పగలైనా రాత్రయినా తన వేడిని కంటికి కనిపించని పరారుణ కిరణాల రూపంలో పైకి వదులుతూనే ఉంటుంది. పగలు ఎండ రాబడి ఎక్కువ కాబట్టి మనకు తెలియదు. పొద్దుగూకాక రాబడి ఆగుతుంది, ఖర్చు ఆగదు. మబ్బుంటే ఆ వేడిని పట్టుకుని చాలావరకు మళ్ళీ కిందికే పంపుతుంది. మబ్బు లేనందువల్లే పగలు ఎండ కాసింది, మబ్బు లేనందువల్లే రాత్రి వేడి నిలవలేదు.

మోటార్లు రిపేరు చేసేవాళ్ళ దగ్గర దూరం నుంచే వేడి కొలిచే గన్ ఉంటుంది. చలికాలంలో ఓ రాత్రి దాన్ని తేట ఆకాశం వైపు పెట్టి చూశాను. సున్నా కంటే చాలా కింద చూపించింది! మబ్బు పట్టిన రాత్రి చూస్తే అంకె బాగా పెరిగింది. పైనుంచి మనకు తిరిగొచ్చే వేడిలో ఎంత తేడా ఉంటుందో అప్పుడు కళ్ళకు కట్టినట్టు తెలిసింది.

బండి దగ్గరా ఇదే గమనించవచ్చు. ఆరుబయట పెడితే పొద్దున్నే సీటు మంచుకు తడిసి ఉంటుంది, వేపచెట్టు కింద పెడితే పొడిగానే ఉంటుంది. చెట్టు మంచును ఆపుతుందని చాలామంది అనుకుంటారు. మంచు పైనుంచి రాలదు. చల్లబడిన సీటు మీద గాలిలోని తేమే నీరుగా మారుతుంది. మబ్బులాగే చెట్టు కూడా వేడిని కిందికి పంపుతుంది కాబట్టి దాని కింద సీటు అంతగా చల్లబడదు, అంతే.

మబ్బొక్కటే కాదు, గాలిలో తేమ కూడా వేడిని పట్టి ఉంచుతుంది. ఉద్యోగానికి మచిలీపట్నంలో ఉన్నప్పుడు ఆకాశం ఎంత తేటగా ఉన్నా మా ఊరి చలి ఎప్పుడూ చూడలేదు. సముద్రం పక్కనే ఉంది, తేమకు కొదవ లేదు. మాకేమో ఆ నెలల్లో ఉత్తరం నుంచి పొడిగాలి వస్తుంది, రాత్రులూ పొడుగు. గాలి కూడా ఆగిపోతే నేలను ఆనుకుని ఉన్న చల్లగాలి పై గాలితో కలవక అక్కడే పేరుకుంటుంది. అదే బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టి మబ్బు కమ్మితే, పగలు ఎండ లేకపోయినా రాత్రి చలి తగ్గుతుంది.

టమాటా నారు పోసినవాళ్ళకు ఒక మాట. ఫోన్‌లో కనిపించే కనిష్ఠ ఉష్ణోగ్రత నేల మీది లెక్క కాదు, దాదాపు మనిషి ఎత్తులో ఉండే గాలిది. తేట రాత్రి నేల అంతకంటే చల్లగా ఉంటుంది. సూర్యోదయం వేళకు చలి మరీ ముదురుతుంది. అందుకే సాయంత్రం నేలలో వేడి ఉండగానే నారుమడి కప్పి, పొద్దెక్కాక తీయండి.