పూత మీద మందు కొట్టక తప్పకపోతే

చిరంజీవి శీనును ఆశీర్వదించి మామయ్య రాయునది,

పొద్దుతిరుగుడు పూతలో శనగపచ్చ పురుగు పడిందని, గట్టున పది తేనె పెట్టెలున్నాయని, ఏం చెయ్యమంటావని అడిగావు. కొట్టకపోతే పురుగు గింజ తింటుంది. కొట్టి తేనెటీగల్ని చంపుకుంటే పుప్పొడి పువ్వు నుంచి పువ్వుకు చేరక పువ్వు నిండా తాలే మిగులుతుంది. ఐదెకరాలకు పది పెట్టెలు పెట్టించింది అందుకేగా!

డబ్బా మీద పచ్చ త్రికోణం చూసి మోసపోవద్దు. ఆ రంగులు చెప్పేది మనిషికి ఎంత విషమన్నదే, ఈగల సంగతి కాదు.

పురుగు ఇంకా చిన్నదైతే ఎన్‌పీవీ (పురుగుకు రోగం తెచ్చే వైరస్) ద్రావణం ఎకరాకు 200 ఎల్.ఇ. (ఆ మందు మోతాదు కొలత), లేదా బీటీ (బాక్టీరియా మందు) పొడి లీటరు నీటికి 1 గ్రాము కలిపి కొట్టు. రెండూ పురుగు తింటేనే పనిచేస్తాయి, ఈగలకు హాని లేదు. ఎండకు చచ్చుబడతాయి కాబట్టి సాయంత్రమే కొట్టాలి. ఎన్‌పీవీకి వారం దాకా పడుతుంది. రెండో రోజే పురుగు కదులుతోందని అందరూ కంగారుపడి ఘాటు మందు తెస్తారు, అక్కడే చెడుతుంది.

పురుగు ముదిరితే స్పైనోసాడ్ లీటరుకు 0.3 మి.లీ. తడిగా ఉన్నప్పుడు అది ఈగకు విషమే, ఆరాక ప్రమాదం బాగా తగ్గుతుంది. పొద్దుగూకాక కొడితే తెల్లారేసరికి ఆరుతుంది. అందులో బెల్లం కలపకు, ప్రోపికొనజోల్ లాంటి తెగులు మందూ కలపకు. క్వినాల్‌ఫాస్, క్లోరిపైరిఫాస్ పూత మీద వద్దే వద్దు. ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్ మొక్కలోకి ఎక్కి మకరందంలోకి, పుప్పొడిలోకి వస్తాయి, సాయంత్రం కొట్టినా ఉపయోగం లేదు. ఐరోపా సమాఖ్య దేశాలు వీటిని ఆరుబయట పంటల మీద 2018లో ఆపేశాయి. నీళ్లలో కలపకుండా పొడిగానే చల్లే విషమందు అన్నిటికన్నా చెడ్డది. పుప్పొడిలాగే నూగుకు అంటుకుని పట్టులోకి చేరి పిల్లపురుగుల నోట పడుతుంది.

కొట్టే సాయంత్రం ఈగలన్నీ చేరాక పెట్టె ద్వారానికి సన్నని జాలీ బిగించు. గుడ్డ కుక్కితే ఊపిరాడక చస్తాయి. మూత కింద కూడా జాలీ పెట్టి గాలి ఆడనివ్వు, పైన తడి గోనెపట్టా వెయ్యి, లోపల నీళ్లు పెట్టు. మందు ఆరాక తెరువు, మిట్టమధ్యాహ్నం దాకా మూసి ఉంచితే వేడికి మైనం మెత్తబడి పట్లు కూలతాయి. మందు రోజుల తరబడి ఉండే రకమైతే మూసి లాభం లేదు, రాత్రికి రాత్రి పెట్టెల్ని 3 కిలోమీటర్లు దాటించాలి. అంతకన్నా దగ్గరైతే మేతకెళ్లిన ఈగలు పాత చోటికే వచ్చి తచ్చాడతాయి. చింతచెట్టు మీది పెర ఈగల్ని ఎలాగూ మూయలేం, అందుకే వేళ ముఖ్యం అనేది.

నీ చేను ఒక్కటే చూసుకుంటే సరిపోదు. మొక్కజొన్నకు ఈగలతో పనిలేదు గానీ ఈగలకు దాని పుప్పొడి కావాలి, పొద్దున్నే వాలతాయి. పత్తి ఆకు అడుగున ఈనె మీద కూడా తేనె ఊరుతుంది, పూత రాకముందే వెళతాయి. చుట్టుపక్కల రైతులకు నీ ఫోన్ నంబరిచ్చి, కొట్టే ముందురోజు చెప్పమని అడుగు.

ఇన్ని చేసినా ఒక పొద్దున ద్వారం ముందు ఈగలు నాలుక బయటపెట్టి కుప్పగా పడితే అది విషమే. కొత్త పుప్పొడి ఉన్న ఫ్రేములు తీసెయ్యి, మిగిలిన ఈగలు కప్పగలిగినన్నే ఉంచు, ద్వారం సన్నం చేసి పంచదార, నీళ్లు సమపాళ్లలో కలిపి పొయ్యి. ఆ పెట్టె తేనె తియ్యకు. తీసిన ఫ్రేములు గట్టున పడేస్తే పక్క పెట్టెల ఈగలు దోచుకుపోతాయి, లోతుగా పాతిపెట్టు.

ఇట్లు,
మామయ్య