సంతకాలు కొనొద్దు, అమ్మాయిని బడికే పంపండి

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా వింజమూరు దగ్గర పల్లె. మా అమ్మాయి బీఎస్సీ అయ్యాక మ్యాథ్స్ మెథడ్‌తో బీఈడీ చేస్తోంది. రెండో సంవత్సరం ఇంటర్న్‌షిప్‌కి కావలి వైపు సముద్రం ఒడ్డున ఒక ఊరి హైస్కూల్లో వేశారు. వెళ్లి మూడు వారాలైంది. రోజూ రాత్రి ఫోన్ చేసి ఏడుస్తోంది. ఎనిమిదో తరగతి పిల్లలు మాట వినరట. ఏ టీచరు సెలవు పెడితే ఆ క్లాసుకి ఈమెను పంపుతున్నారట. తెలిసినాయన ఒకరు, కొంత డబ్బు కడితే బడికి వెళ్లకుండానే రికార్డులూ సంతకాలూ తాను చూసుకుంటానన్నాడు. ఆ నాలుగు నెలలూ అవనిగడ్డలో డీఎస్సీ కోచింగ్‌కి పంపితే మేలు కదా అనిపిస్తోంది. డీఎస్సీలో పాఠం చెప్పించి చూడరు కదా? ఏం చేయమంటారు?

జవాబు: అయ్యా, మీ చివరి మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అందులో నిజముంది. డీఎస్సీలో పాఠం చెప్పించి చూడరు. స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్లో సబ్జెక్టు చెప్పే టీచరు) పోస్టుకి 80 మార్కుల పరీక్ష, టీచరు అర్హత పరీక్ష అయిన టెట్ మార్కుల నుంచి 20 వెయిటేజీ, అంతే. కాబట్టి మీ లెక్క తప్పని అనను. అయినా ఆ డబ్బు కట్టొద్దు, అమ్మాయిని ఆ బడి మాన్పించొద్దు.

ముందు రూలు సంగతి. రెండేళ్ల బీఈడీలో 20 వారాలు బడిలో గడపాలని, టీచర్ శిక్షణ కోర్సులకు రూల్సు పెట్టే ఎన్‌సీటీఈ 2014 నిబంధనల్లోనే ఉంది. మొదటి ఏడాది నాలుగు వారాలు, రెండో ఏడాది పదహారు. మిగతా క్లాసులకి 80 శాతం హాజరు చాలన్నవాళ్లు ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం అడిగారు. దొంగ సంతకాలతో దాటేస్తే ఆ భయం సర్టిఫికెట్‌తో పాటే జీవితాంతం మీ ఇంట్లో ఉంటుంది.

ఇక డీఎస్సీ. 2018 తర్వాత టీచర్ల నియామకాలు మళ్లీ జరిగింది 2025 మెగా డీఎస్సీతోనే. మొత్తం 16,347 పోస్టుల్లో స్కూల్ అసిస్టెంట్లు, అన్ని సబ్జెక్టులూ కలిపి, 7,725. ప్రైమరీ బడుల్లో చెప్పే ఎస్‌జీటీ పోస్టులు 6,371 ఉన్నా అవి మీ అమ్మాయికి కావు. బీఈడీ వాళ్లు ప్రైమరీ టీచరు పోస్టులకు అర్హులు కారని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు చెప్పింది. వాటికి ప్రైమరీ టీచర్ల శిక్షణ కోర్సు డీఎడ్ ఉండాలి. ఒక నోటిఫికేషన్‌కీ ఇంకో నోటిఫికేషన్‌కీ మధ్య ఆమె ఏం చేస్తుంది? ప్రైవేటు స్కూల్లో చేరాల్సి రావచ్చు. అక్కడ చాలా చోట్ల మొదట అడిగేది డెమో. పదిహేను నిమిషాలు బోర్డు ముందు నిలబడమంటారు. బడి ముఖం చూడకుండా బీఈడీ అయిందనిపించుకున్న పిల్లలు ఆ పదిహేను నిమిషాల్లో ఎలా తడబడతారో నేను చాలాసార్లు చూశాను. జాలేస్తుంది. తప్పు వాళ్లది మాత్రమే కాదు.

అమ్మాయి ఏడుపు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. నేను బీఈడీ చేసినప్పుడు అది ఏడాది కోర్సు. రెండు మెథడ్లకీ కలిపి నలభై పాఠాలు చెప్పాలి. నన్ను ప్రకాశం జిల్లాలో ఒక పల్లె బడికి వేశారు. మొదటి రోజు తొమ్మిదో తరగతిలో బోర్డు మీద రాస్తూనే ఉన్నాను, వెనక్కి తిరగాలంటే భయం. మా సూపర్‌వైజరు రెండు వారాలకోసారి వచ్చి, స్టాఫ్ రూంలో టీ తాగి, రికార్డులో వరసగా సంతకాలు పెట్టి వెళ్లేవారు. నా పాఠం ఒక్కటీ వినలేదు. నలభై పాఠాలూ అయిపోయాయి గానీ నా తప్పేమిటో నాకు తెలియలేదు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది పక్క క్లాసు టీచరమ్మ చెప్పింది: "ప్రశ్న మీరే అడుగుతున్నారు, జవాబూ మీరే చెప్పేస్తున్నారండీ. పిల్లలకి ఆలోచించే టైమేదీ?" ఆ మాట బీఈడీలోనే ఎవరైనా చెప్పి ఉంటే అంతకుముందు నా దగ్గర చదివిన పిల్లలకి నష్టం జరిగేది కాదు. ఇప్పటికీ అది నన్ను బాధపెడుతుంది.

అందుకే మీ అమ్మాయికి ఇప్పుడు కావలసింది సంతకం కాదు, ఆమె పాఠం కూర్చుని వినే మనిషి. ఆ బడిలో లెక్కల టీచరు ఉంటారు కదా. వారానికి ఒక్క పీరియడ్ వెనక బెంచీలో కూర్చుని తన పాఠం వినమని, అయ్యాక ఒక్క తప్పు చెప్పమని అడగమనండి. ఎన్ని తప్పులున్నా ఆ వారానికి ఒక్కటి చాలు. ముందు తను ఆయన క్లాసులో రెండు పీరియడ్లు కూర్చుంటే అడగడం తేలికవుతుంది. కాలేజీ సూపర్‌వైజరు వచ్చినప్పుడు కూడా రికార్డు ఇచ్చే ముందు "సార్, ఈ పీరియడ్ వినండి" అనాలి. మర్యాదగా అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

ఎనిమిదో తరగతి గొడవకి కారణం చాలాసార్లు లెక్కల్లోనే ఉంటుంది. భాగహారం రాని పిల్లవాడి ముందు సమీకరణాలు పెడితే వాడికి చేయడానికి పనేమీ ఉండదు, పక్కవాడిని గిల్లుతాడు. ఒక చిన్న కాగితం మీద ఐదు లెక్కలు ఇమ్మనండి: తీసివేత, గుణకారం, భాగహారం, ఒక భిన్నం, ఒక దశాంశం. మార్కులు వేయొద్దు. ఎవరు ఎక్కడ ఆగిపోయారో ఆ రాత్రికే తెలుస్తుంది. ఒడ్డు మీది పిల్లలు కదా, కిలో 240 రూపాయల చేప మూడున్నర కిలోలు ఎంత అంటే నోటితోనే 840 అనేవాళ్లు ఉంటారు. అదే లెక్కని 3.5 × 240 అని బోర్డు మీద రాస్తే బిగుసుకుపోతారు. పాఠం అక్కడ మొదలుపెట్టాలి. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటాయి. ముందు తెలుగులో లెక్క చదివించి, తర్వాత ఇంగ్లీషు వైపు రమ్మనండి. పిల్లల పేర్లు ఈ వారంలోనే నేర్చుకోవాలి. "ఏయ్, నువ్వు" అంటే వినని పిల్లవాడు పేరు పెట్టి పిలిస్తే తల తిప్పుతాడు.

ఖాళీ క్లాసులకి పంపడం మాత్రం సరికాదు. అప్పుడప్పుడూ అయితే సర్దుకోవచ్చు. రోజూ అయితే తన పాఠాల టైంటేబుల్ రాసి హెచ్‌ఎంకి చూపించి, ఈ పీరియడ్లు వదిలేయండి అని అడగాలి. అయినా మారకపోతే కాలేజీ వాళ్లు వచ్చి మాట్లాడాలి. అది వాళ్ల పని. మీరు బడికి వెళ్లి గొడవ పెట్టుకోవద్దు, అమ్మాయికి ఇబ్బంది అవుతుంది.

కోచింగ్ వద్దని కాదు. కోర్సు అయ్యాక అవనిగడ్డ పంపండి. ఇప్పుడు సాయంత్రం ఒక గంట, ఆదివారం ఒక పూట టెట్ చదివితే చాలు. 150 మార్కుల టెట్‌లో శిశు వికాసం, పెడగాజీ (బోధన పద్ధతులు)కి 30 మార్కులున్నాయి. ఒకే ఈడు పిల్లలు ఒకేలా ఎందుకు నేర్చుకోరో పుస్తకంలో చదివేది ఎదురుగా రోజూ కనిపిస్తుంటే మర్చిపోవడం కష్టం.

రాత్రి ఫోన్లో "మళ్లీ అల్లరి చేశారా?" అని అడగకండి. "ఈరోజు ఏ పాఠం చెప్పావు, ఎవరికి అర్థమైంది?" అని అడగండి. ఆ డబ్బులో కొంత చార్టులకీ, బస్సు ఖర్చులకీ ఇవ్వండి. రెండు వారాలయ్యాక అమ్మాయి చేతే నాకు రాయించండి. ఆ ఐదు లెక్కల్లో పిల్లలు ఎక్కడ ఆగారో కూడా రాయమనండి. తర్వాత ఏ పాఠం ఎలా మొదలుపెట్టాలో ఇద్దరం కలిసి చూసుకుంటాం.