కర్ణుడి కవచం కుట్టిన అమ్మాయిని ఏ గ్రూపులో చేర్పించాలి?

ఒంగోలు నుంచి ఒక తండ్రి అడిగారు: "మా అమ్మాయి ఈ ఏడాది టెన్త్ రాసింది. 600కి 550 దాటుతాయని టీచర్లు అంటున్నారు. స్కూల్ వార్షికోత్సవంలో కర్ణుడి నాటకానికి డ్రెస్సులూ సెట్టూ అన్నీ తనే చేసింది. అప్పటినుంచి ఇంజినీరింగ్ వద్దు, ఇదే చదువుతానంటోంది. ఆ నాటకం కోసం వాళ్ళమ్మ పాత పట్టుచీర అంచు కూడా కత్తిరించేసింది. బాగా మొండి. కవచానికి పెట్టిన వెల్క్రో లాగితే మైకులో చర్రుమని శబ్దం వస్తోంది, మార్చమని టీచర్ చెప్పినా మార్చలేదట. ఫ్యాషన్ చదువు చెప్పే నిఫ్ట్‌కి పంపాలా, ఫైన్ ఆర్ట్స్ మేలా, లేక ఎంపీసీలో చేర్చి జేఈఈ రాయించడమే మంచిదా? మూడూ పోల్చి చెప్పండి."

పోల్చి చెప్తాను గానీ, ముందు ఆ వెల్క్రో సంగతి చూద్దాం.

కర్ణుడి కవచం తొడుక్కున్నది కాదు, పుట్టుకతో వచ్చింది. ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో వచ్చి అడిగితే ఒంటి నుంచి కోసి ఇచ్చేశాడు. స్టేజీ మీద అది చొక్కా విప్పినట్టు వస్తే కథే పోయింది. అద్దె డ్రెస్సుల కవచాలు నేను చాలానే చూశాను, వెనకాల తాళ్ళుంటాయి, కర్ణుడు వీపు మీద తడుముకుంటూ ఉంటాడు, చివరికి ఇంద్రుడే వెనక్కి వెళ్ళి ముడి విప్పుతాడు, ఈలోగా హాల్లో సగంమంది నవ్వేస్తారు. మీ అమ్మాయి వెల్క్రో పెట్టింది. ఒక్క లాగుతో ఊడి వస్తుంది, చర్మం చీరినట్టు శబ్దం కూడా వస్తుంది. టీచర్‌కి అది లోపం అనిపించింది, మీకు మొండితనం అనిపించింది. ఆ శబ్దం పిల్ల కావాలనే ఉంచిందని నా అనుమానం. అడిగి చూడండి. అనుకోకుండా వచ్చింది అంకుల్, విన్నాక బాగుందనిపించి ఉంచేశాను అని నాతో అన్నా నాకు అంతే సంతోషం. ఈ పనిలో సగం అదే.

ఇప్పుడు మీ సంగతి. ఈ ప్రశ్న నాకు రకరకాల రూపాల్లో వస్తూనే ఉంటుంది, ఒకరి అబ్బాయికి కెమెరా పిచ్చి, ఇంకొకరి అమ్మాయికి కేకుల పిచ్చి. అందరూ జీతం ఎంత వస్తుందనే అడుగుతారు, కానీ అసలు భయం జీతం గురించి కాదు. ఇంజినీరింగ్ అయితే దారి మీకు తెలుసు. ఏ కాలేజీ, ఏ బ్రాంచ్ అని అడగడానికి తోడల్లుడి కొడుకో, ఎదురింటి వాళ్ళ అల్లుడో ఉంటాడు. ఈ దారిలో ఫోన్ చేద్దామంటే మీకు ఒక్కరూ తెలియదు. రేపు పిల్ల ఎక్కడైనా ఇరుక్కుంటే ఎవరిని పట్టుకోవాలో తెలియదు. ఆ భయం న్యాయమైనదే, దాన్ని నేను తప్పు పట్టను.

తప్పు పట్టేది వేరే ఉంది, ఏమీ అనుకోకండి. ఉత్తరంలో మార్కులు రాశారు, చీర రాశారు, మొండితనం రాశారు. నాటకం ఎలా ఉందో ఒక్క ముక్క రాయలేదు. పైగా "మార్చలేదట" అన్నారు. ఆ 'ట' ఎక్కడి నుంచి వచ్చింది? మీరు వెళ్ళలేదన్నమాట, వెళ్ళినా బయట నిలబడి ఫోన్ మాట్లాడుతూ ఉండాలి. నెల రోజులు ఇంట్లో అట్టముక్కలు, ఫెవికాల్, బంగారు రంగు స్ప్రే వాసన భరించారు, తీరా అది స్టేజీ ఎక్కిన రోజు చూడలేదు. చూడకుండానే అది మంచి కెరీరా కాదా అని నన్ను అడుగుతున్నారు. పాత చీర అంచు గుర్తుంది గానీ, అది స్టేజీ మీద ఎలా మెరిసిందో ఎవరినైనా అడిగారా?

సరే, వదిలేద్దాం. నిఫ్ట్ దగ్గరికి వస్తాను, ఎక్కువ మాట్లాడాల్సింది దాని గురించే. కుట్టుపని మీద ఇష్టం ఉన్న ప్రతి పిల్లనీ ఇప్పుడు 'ఫ్యాషన్ డిజైనింగ్' అనే ఒక్క సంచిలో వేసేస్తున్నారు. నిఫ్ట్ మంచి సంస్థ, హైదరాబాద్ మాదాపూర్‌లో క్యాంపస్ ఉంది, నాలుగేళ్ళ బీడిజైన్‌కి ఇంటర్ ఏ గ్రూపైనా పర్వాలేదు. కానీ అక్కడి విభాగాలు చూడండి: ఫ్యాషన్, టెక్స్‌టైల్, నిట్‌వేర్, లెదర్, యాక్సెసరీ. బట్టల పరిశ్రమ కోసం పెట్టినవి అవి. ఫ్యాషన్ అంటే కొనేవాళ్ళకి నచ్చే బట్ట. నాటకంలో బట్టకి కొనేవాడు ఉండడు, పాత్ర ఉంటుంది. దుర్యోధనుడి కండువా ఇరవయ్యో వరుసలో కూర్చున్న మామ్మకి కూడా దుర్యోధనుడిదే అని తెలియాలి, లైటు పడితే రంగు మారిపోకూడదు, సీనుకీ సీనుకీ మధ్య ఉన్న అర నిమిషంలో విప్పి ఇంకోటి కట్టేలా ఉండాలి, లోపల ఒక పిల్లాడు చెమటలు కక్కుతూ పద్యం పాడగలగాలి. నాట్యశాస్త్రం రాసిన భరతుడు అభినయాన్ని నాలుగుగా చెప్పి అందులో ఆహార్యాన్ని ఒకటిగా పెట్టాడు. అంటే వేషం కూడా నటిస్తుంది. మీ పిల్ల చేసింది ఆ పని. దానికి ఫ్యాషన్ డిగ్రీ ఒక్కటే దారి అంటే నేను ఒప్పుకోను.

ఇక ఊరికొకటి లేచిన ప్రైవేట్ ఫ్యాషన్ కాలేజీల మాట. వాటిలో ఒకదానికి కొన్నేళ్ళ కిందట ఒక అమ్మాయిని నేనే సరే అని పంపించాను, ఆ తప్పు నాదే. బ్రోచర్ నిండా సినిమా తారల ఫొటోలు. నాలుగేళ్ళకి పన్నెండు లక్షలు దాటింది. ఇప్పుడు ఒక బొటిక్‌లో బ్లౌజుల ఆర్డర్లు రాసుకుంటోంది. ఆ పని తక్కువ కాదు, కానీ దానికి పన్నెండు లక్షలు అక్కర్లేదు కదా. అందుకే ఎవరైనా సెలబ్రిటీ స్టైలింగ్ అంటూ సీటు చూపిస్తే, అక్కడ చదివి నాటకానికో సినిమాకో పని చేస్తున్న ముగ్గురి ఫోన్ నంబర్లు అడగండి. ఇవ్వకపోతే లేచి వచ్చేయండి.

ఫైన్ ఆర్ట్స్ అంటే మీ మనసులో బొమ్మలు వేసి ఆకలితో ఉండే మనిషి కనిపిస్తుంటాడు. మన దేశానికి మొదటి ఆస్కార్ తెచ్చింది కాస్ట్యూమ్స్ పనే. భాను అథయా, 'గాంధీ' సినిమాకి, 1983లో, జాన్ మొల్లోతో కలిసి. ఆవిడ చదివింది ముంబయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో. 'బాహుబలి' సెట్లు వేసిన సాబు సిరిల్ చెన్నై ఫైన్ ఆర్ట్స్ కాలేజీ విద్యార్థి. పెద్ద పేర్లు చెప్పి ఊరించడం నాకు నచ్చదు, అందరూ వాళ్ళు కారు. చెప్పొచ్చేదేమిటంటే చేయి తిరగడం ముందు, ఆ తర్వాతే మిగతావి. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ), కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉన్నాయి. ఫీజు ప్రైవేట్ వాటితో పోలిస్తే ఏపాటి?

అసలు నాటకం చదువు ఎక్కువగా డిగ్రీ తర్వాతే. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాకి డిగ్రీ ఉండాలి, నాటకాల్లో పనిచేసిన అనుభవం ఉండాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ పీజీ ఉంది. సినిమా సెట్ల మీద మనసు పోతే పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆర్ట్ డైరెక్షన్ ఉంది, దానికి ఫైన్ ఆర్ట్స్, ఆర్కిటెక్చర్ లాంటి డిగ్రీ కావాలి. అందుకని ఇవాళే తేల్చాల్సింది ఏమీ లేదు, టెన్షన్ పడకండి. ఎంపీసీలో చేరితే నష్టం లేదు, లెక్కలంటే భయం లేకపోతే చేర్చండి, బీఆర్క్ దారి కూడా తెరిచి ఉంటుంది. సెట్ అంటే ఇష్టమైన పిల్లకి ఆర్కిటెక్చర్ చాలా దగ్గరి చుట్టం. కాకపోతే ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్లు పెట్టే హాస్టల్ కాలేజీలో మాత్రం వేయొద్దు. రెండేళ్ళు చేతిలోకి కత్తెర రాకపోతే మొండితనం పోతుందనుకుంటారేమో, పోయేది మొండితనం కాదు.

జేఈఈ రాయిస్తే? రాయించండి, రాస్తే పోయేదేముంది. కానీ "జేఈఈలో రాకపోతే నీ ఇష్టం" అనొద్దు. అలా అంటే ఆ అమ్మాయికి నచ్చిన పని ఓడిపోయిన వాళ్ళ పని అయిపోతుంది.

డబ్బు గురించి దాచను. మొదటి మూడు నాలుగేళ్ళు కష్టం. సినిమాలో అయితే ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్‌గా, రోజుకింత బేటా (రోజువారీ భత్యం), అదీ ఆలస్యంగా వస్తుంది, రాత్రీ పగలూ ఉండదు, యూనియన్ కార్డు తతంగం ఉంటుంది. ఒక్క నాటకాల మీదే ఇల్లు గడవడం మన దగ్గర కష్టమే. అయితే ఈ చేయి ఉన్నవాళ్ళు నాటకంతోనే ఆగిపోరు. యాడ్ ఫిల్ములు, ఎగ్జిబిషన్లు, మ్యూజియంలు, పెళ్ళి మంటపాలు, యానిమేషన్, స్కూళ్ళలో ఆర్ట్ టీచర్లు, ఇలా నాలుగు వైపులా పని దొరుకుతుంది. నా దగ్గరికి వచ్చినవాళ్ళలో చిన్న బడ్జెట్‌లో పని ముగించడం తెలిసిన పిల్ల ఎవరూ ఖాళీగా లేరు. మీ అమ్మాయికి స్కూలువాళ్ళు ఎంత ఇచ్చారో, ఎంతలో ముగించిందో ఆ లెక్క చూడండి, నాకు మార్కుల కన్నా అది ముఖ్యం.

ఈ వేసవిలో చేయాల్సింది ఒక్కటే. ఒక నాటకం మోజు కావచ్చు, అందుకని రెండోది చేయనివ్వండి. మీ వైపు పరిషత్తు నాటకాలు, అంటే పోటీ నాటకాలు, ఆడే సమాజాలు ఉంటాయి, ఏదో ఒకదానితో మాట్లాడి రిహార్సల్స్‌కి తీసుకెళ్ళండి. వాళ్ళ సెట్టు మొత్తం ఒక వ్యానులో పట్టాలి, ఊరు మారినప్పుడల్లా గంటలో నిలబెట్టి గంటలో విప్పాలి. ఆ విప్పడం, మోయడం, చిరిగింది రాత్రికి రాత్రి కుట్టడం పదిసార్లు చేశాక కూడా ఇష్టం ఉంటే అది మోజు కాదు. ఇంకోటి, హైదరాబాద్‌లో సురభి వాళ్ళ నాటకం ఎప్పుడు పడినా ఇద్దరూ వెళ్ళండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలుపెట్టిన కుటుంబాలు, చేత్తో గీసిన తెరలు, గాల్లో ఢీకొని నిప్పులు రాలే బాణాలు. ఈసారి మాత్రం మీరు లోపల కూర్చోండి.

చివరగా, ఆ కవచం ఎక్కడుంది? పారేయలేదు కదా? కొన్ని డిజైన్ కోర్సుల ఇంటర్వ్యూలకి పోర్ట్‌ఫోలియో, అంటే చేసిన పనుల ఆల్బం, పట్టుకెళ్ళాలి, దానికి మొదటి పేజీ అదే అవుతుంది. అటక మీద ఉంటే వానలు మొదలుకాకముందే దింపి ముందూ వెనకా ఫొటోలు తీయించండి, వెల్క్రో దగ్గరగా ఒకటి. అట్ట చెమ్మ పట్టిందంటే ఎలుకలు వారం కూడా ఉంచవు.