టెక్నికల్ దాటి హెచ్‌ఆర్ దగ్గర ఆగిపోతున్నావా? లోటు ఇంగ్లిష్‌లో లేదమ్మా

ప్రశ్న: మేడమ్, మాది మదనపల్లె దగ్గర పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం. 2024లో ఈసీఈ బీటెక్ అయిపోయింది. ఇప్పటికి నాలుగు కంపెనీల్లో ఆప్టిట్యూడ్, కోడింగ్, టెక్నికల్ అన్నీ దాటి హెచ్‌ఆర్ రౌండ్‌లో పోయింది. ఇంగ్లిష్ రాకే అంటున్నారు ఇంట్లో. అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సుకి 18 వేలు అడుగుతున్నారు, నాన్న అప్పు తెచ్చి కడతానంటున్నాడు. చేరమంటారా?

జవాబు: ముందు నాన్నని ఆ అప్పు చెయ్యనివ్వకమ్మా. నాలుగుసార్లు టెక్నికల్ దాటావంటే అక్కడ కూర్చున్నవాళ్లకి నీ మాట అర్థమైనట్టే, అర్థం కాకపోతే హెచ్‌ఆర్ దాకా పంపరు కదా. ఇంగ్లిష్ అక్కర్లేదని నేను అనను, సాఫ్ట్‌వేర్ కంపెనీలో అది తప్పదు. సివిల్స్‌లో అయితే 275 మార్కుల ఇంటర్వ్యూ తెలుగులోనే ఇవ్వొచ్చు, శ్రీకాకుళం జిల్లా రోణంకి గోపాలకృష్ణ గారు 2016 సివిల్స్‌లో అలా ఇచ్చే దేశంలో మూడో ర్యాంక్ తెచ్చుకున్నారు, నీకు ఆ వెసులుబాటు లేదు. కానీ నీకు కావాల్సింది చిన్న చిన్న వాక్యాల ఇంగ్లిష్, అది నీ దగ్గర ఇప్పటికే ఉంది. లేనిది ఏంటంటే చెప్పే సరుకుని ముందే తీసి పెట్టుకోవడం.

నా దగ్గరికి మాక్ ఇంటర్వ్యూకి వచ్చిన ఒక అబ్బాయి సంగతి చెప్తా, వాడూ ఈసీఈనే. టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్ అనగానే మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్, మై స్ట్రెంత్ ఈజ్ హార్డ్ వర్క్, మై హాబీ ఈజ్ లిజనింగ్ టు మ్యూజిక్ అని గడగడా అప్పజెప్పాడు. ప్రాజెక్ట్ ఏంటి అంటే ఐఓటీ బేస్డ్ స్మార్ట్ ఇరిగేషన్ సిస్టమ్ అని టైటిల్ చెప్పి ఆగిపోయాడు. సరే బాబూ, తెలుగులో చెప్పు అన్నా. అప్పుడు మొదలుపెట్టాడు చూడు, వాళ్ల టమాటా తోటలో మట్టి తేమ కొలిచే సెన్సర్ గుచ్చాడంట, తొమ్మిదో రోజుకి తప్పు రీడింగులు వస్తుంటే పీకి చూస్తే దాని రెండు పుల్లల్లో ఒకదానికి ఉన్న లోహం పొర తినేసి ఉందంట, తడి మట్టిలో రాత్రీపగలూ కరెంటు పోతూ ఉంటే అలా తినేస్తుందని వెతికి తెలుసుకుని, రీడింగ్ తీసే క్షణం మాత్రమే కరెంటు వెళ్లేలా కోడ్ మార్చాడంట. ఆ తర్వాత పంట అయిపోయేదాకా అదే సెన్సర్ నడిచింది. ఇంత విషయం కడుపులో పెట్టుకుని బయటికి లిజనింగ్ టు మ్యూజిక్ అంటున్నాడు! దాన్నే ఐదు ముక్కలు చేయించా, ఐ పుట్ ద సెన్సర్ ఇన్ అవర్ ఫీల్డ్, ఆఫ్టర్ నైన్ డేస్ ఇట్ గేవ్ రాంగ్ వాల్యూస్, ఇలా. ఇందులో కష్టమైన ఇంగ్లిష్ ఎక్కడుందో చెప్పు.

నువ్వు కూడా ఇలాంటి సంఘటనలు ఐదు రాసుకో. ఏదో చెడిపోయి బాగుచేసింది ఒకటి, టీమ్‌లో ఎవరితోనో పేచీ వచ్చి సర్దుకున్నది ఒకటి, ఫెయిలయింది ఒకటి, నీ అంతట నువ్వు నేర్చుకున్నది ఒకటి, ఎవరికైనా నేర్పింది ఒకటి. హెచ్‌ఆర్ ప్రశ్నలు చాలావరకు ఈ ఐదింటి చుట్టూనే తిరుగుతాయి. స్టార్ పద్ధతి అని వినే ఉంటావు, సిచ్యువేషన్, టాస్క్, యాక్షన్, రిజల్ట్. మనవాళ్లు సిచ్యువేషన్ దగ్గరే రెండు నిమిషాలు తినేస్తారు, అది రెండు వాక్యాల్లో తేల్చేసి నువ్వేం చేశావో అక్కడ ఎక్కువసేపు ఉండు. ఇంకోటి, మర్యాద కోసం మనం అన్నీ "మేం చేశాం" అంటాం, దాంతో అవతలివాళ్లకి నీ వాటా ఎంతో తెలీదు. టీమ్‌లో నలుగురం, కోడ్ నేను రాశా, సర్క్యూట్ వాళ్లు చూశారు అని విడదీసి చెప్పు, అది గొప్పలు చెప్పుకోవడం కాదమ్మా.

హెచ్‌ఆర్‌కి ఉండే భయం కూడా తెలుసుకో. ట్రైనింగ్ ఇచ్చాక ఈ అమ్మాయి ఉంటుందా వెళ్లిపోతుందా అన్నది. పుణె వెళ్తావా, నైట్ షిఫ్ట్ చేస్తావా అంటే "ఇంట్లో అడిగి చెప్తా" అన్నావంటే ఆ భయం నిజమైనట్టే. అందుకే నాన్నతో ఆ మాట ఇవాళే మాట్లాడేసుకో, ఒప్పుకుంటే ఎస్ అని సూటిగా చెప్పు, ఒప్పుకోకపోతే అలాంటి పోస్టులకి అప్లై చెయ్యకు. 2024 నుంచి గ్యాప్ గురించి అడుగుతారు, అడగ్గానే తల దించుకోకు, ఈ నెలల్లో ఏం నేర్చుకున్నావో, ఏం ప్రాక్టీస్ చేశావో అదే చెప్పు. గ్యాప్ కప్పడానికి ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం అని ఎవరన్నా వస్తే దండం పెట్టి పంపేయ్, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ రికార్డ్ చూస్తారు, చేరాక కూడా తీసేస్తారు.

ప్రశ్న పూర్తిగా వినకముందే జవాబు మొదలుపెట్టే అలవాటు ఉంటే మానుకో, రెండు సెకన్లు ఆగితే ఎవరూ ఏమనుకోరు. తెలియకపోతే ఐ డోంట్ నో దగ్గర ఆపకుండా, ఎలా కనుక్కుంటావో ఒక్క వాక్యం కలుపు. చివర్లో ఎనీ క్వశ్చన్స్ అంటారు, నో సర్ అని లేచిపోకు, ట్రైనింగ్ ఎన్నాళ్లు, ప్రాజెక్ట్ ఎలా ఇస్తారు అని అడుగు.

మరి ఇంగ్లిష్ సంగతా? రోజూ ఒక సంఘటన ఫోన్‌లో రికార్డ్ చేసి విను, ఒక్కోటి నిమిషంన్నర దాటకూడదు. మొదటి రోజు విన్నప్పుడు ఏడుపొస్తుంది, నా దగ్గరికొచ్చిన వాళ్లందరికీ వచ్చింది, వారం ఓపిక పట్టు. ఆ ఐదు సంఘటనలు ఈ ఆదివారం లోపు రాసి నాకు పంపు, ముందు తెలుగులోనే రాయి.