నాలుగు టెస్టుల్లో కెమిస్ట్రీ పోయింది, ఏఐ-ఎంఎల్‌కి మార్చేయమంటారా?

ప్రశ్న: మాది అల్లూరు మండలం, ఇసకపల్లి దగ్గర. కొంచెం ఉప్పు కొటార్లు, రెండు రొయ్యల గుంటలు ఉన్నాయి. పాప నెల్లూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ, జేఈఈ బ్యాచ్‌లో చదువుతోంది. వరసగా నాలుగు వీకెండ్ టెస్టుల్లో కెమిస్ట్రీ మార్కులు పడిపోయాయి. అయనీకరణ శక్తి, ఎలక్ట్రాన్ అఫినిటీ లెక్కలు అసలు రావడం లేదనీ, పైగా క్లాసులో అక్కర్లేని ప్రశ్నలేసి టైం పాడు చేస్తోందనీ కాలేజీ వాళ్లు అన్నారు. ఆదివారం ఫోన్లో గట్టిగానే చెబుతున్నా. సిగ్గుతోనైనా చదువుతుందని మార్కులు బంధువుల వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాను. ఎంసెట్ బ్యాచ్‌కి మార్చి, ఆనక మేనేజ్‌మెంట్ సీటైనా తీసుకుని సీఎస్‌ఈ ఏఐ-ఎంఎల్‌లో వేయమని మా బావమరిది అంటున్నాడు. పాపేమో కెమిస్ట్రీయే చదువుతానంటోంది. రెండూ పోల్చి చెప్పండి. పేపరు, పాప రఫ్ షీటు ఫోటోలు పంపుతున్నా.

జవాబు: ముందు ఫోటోల సంగతి మాట్లాడదామన్నా. మార్కుల లిస్టు అందరూ పంపుతారు, రఫ్ షీటు పంపే తండ్రి అరుదు. మీరు పంపబట్టి నాకు సంగతి అర్థమైంది.

ఆ పదిహేడో లెక్క చూశాను. ఒక మూలకం పరమాణువులు వాయుస్థితిలో ఒక మోలు ఉన్నాయి (మోలు అంటే డజనులాంటి ఒక లెక్క, పరమాణువులకి వాడేది). వాటిలో సగం, మిగతా సగానికి తలా ఒక ఎలక్ట్రాన్ ఇచ్చేశాయి. దానికి 407.5 కిలోజౌళ్లు పట్టింది. అలా ఎలక్ట్రాన్ పుచ్చుకుని తయారైన రుణ అయాన్లన్నిటినీ, ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న ధన అయాన్లుగా మార్చడానికి ఇంకో 732.5 కిలోజౌళ్లు పట్టింది. ఆ మూలకం అయనీకరణ శక్తి ఎంత, ఎలక్ట్రాన్ అఫినిటీ ఎంత అని ప్రశ్న.

ఇది జమాఖర్చు లెక్క. ఎలక్ట్రాన్‌ని ఊడదీయడానికి పెట్టే ఖర్చు అయనీకరణ శక్తి. దాన్ని పుచ్చుకున్న పరమాణువు దగ్గర మనకు తిరిగొచ్చేది అఫినిటీ. అంటే మొదటి మెట్టులో పట్టింది ఈ రెండింటి తేడా. రెండో మెట్టులో రుణ అయాన్ నుంచి రెండు ఎలక్ట్రాన్లు లాగాలి. ఒకదానికి అఫినిటీ అంత వెనక్కి కట్టాలి, రెండోదానికి అయనీకరణ శక్తి అంత పెట్టాలి. కాబట్టి అక్కడ పట్టింది రెండింటి మొత్తం. తేడా తెలుసు, మొత్తం తెలుసు, మిగిలింది ఎనిమిదో తరగతి లెక్క.

మీ పాప ఇదంతా సరిగ్గానే రాసింది. అదే శక్తిని ఇంకో పద్ధతిలో చెప్పే ఎలక్ట్రాన్ గ్రహణ ఎంథాల్పీకి ఉండే మైనస్‌ని తీసుకొచ్చి అఫినిటీకి కూడా తగిలించి బోల్తా పడే పిల్లల్ని క్లాసుకి ఇరవై మందిని చూశాను నేను, పాఠం చెప్పిన రోజుల్లో. మీ పాప అక్కడ పడలేదు. తనకొచ్చిన జవాబు 570, 162.5. కీలో ఉన్నది 1140, 325. సరిగ్గా సగం! ఇచ్చింది అర మోలు, పుచ్చుకుంది అర మోలు. వచ్చిన అంకెల్ని మోలుకి మార్చడం మర్చిపోయింది. అర కిలో రొయ్యలకి వచ్చిన డబ్బుని కిలో ధర అనుకుంటే ఎలా ఉంటుందో అలాంటి పొరపాటు. వ్యాపారం రాదని ఎవరైనా అంటారా దానికి? కానీ ఆ పరీక్షలో నాలుగు రావాల్సిన చోట మైనస్ ఒకటి పడుతుంది, మీ ఫోనుకి ఆ మైనస్ మాత్రమే వస్తుంది.

ఇంకో ముచ్చట. ఆ 1140, 325 బ్రోమిన్‌వి. ఆ బ్రోమిన్‌ని బలార్ అనే ఫ్రెంచి కుర్రవాడు మోంపెలియే దగ్గర ఉప్పు మడుల్లో, ఉప్పు గడ్డకట్టాక మిగిలిన చేదునీళ్లలో కనిపెట్టి 1826లో ప్రకటించాడు. కొటార్లో ఉప్పు లాగాక మీరు వదిలేసే నీళ్లు ఆ కోవవే. గుజరాత్‌లో కచ్ వైపు అలాంటి నీళ్లలోంచి బ్రోమిన్ తీసి అమ్ముతున్నారు. ఈ సంగతి పాపకి ఎవరైనా చెప్పి ఉంటే ఆ లెక్క ఇంకోలా కనపడేదేమో.

ఇక ఆ 'అక్కర్లేని' ప్రశ్న. షీటు అంచున పెన్సిలుతో రాసుకుంది చూడండి: "సోడియంకి ఖర్చు 496, క్లోరిన్ ఇచ్చేది 349. ఇంకా 147 నష్టమే కదా, మరి ఉప్పు ఎట్లా అయింది?" ఈ ప్రశ్నకి నేను రెండు సార్లు లేచి కూర్చున్నాను. ఫార్ములా బట్టీ పట్టిన పిల్లకి ఇది తట్టదు. వాళ్ల నాన్న కొటార్లో తెల్లగా కుప్పలు పోసిన ఉప్పు చూసిన పిల్లకి తడుతుంది. జవాబు తనకి చదివి వినిపించండి: వాయువులో అయాన్లు ఒకదానికొకటి దూరంగా ఉన్నంతవరకు నష్టమే. అవి దగ్గరికొచ్చి స్ఫటికంగా పేర్చుకున్నప్పుడు 788 కిలోజౌళ్లు బయటికొస్తాయి, దాన్నే జాలక శక్తి అంటారు. ఘన సోడియంని ఆవిరి చేయడానికి 108, అర మోలు క్లోరిన్ అణువుల్ని విడగొట్టడానికి 122 కూడా ఖర్చులో వేసినా, మోలు ఉప్పుకి 411 మిగులే. ఏ దారిన వెళ్లినా మొత్తం శక్తి లెక్క మారదని హెస్ 1840లో చెప్పిన నియమం మీద 1919లో బోర్న్, హేబర్ కట్టిన చక్రం ఇదే. అఫినిటీని నేరుగా కొలవడం కష్టంగా ఉన్న ఆ రోజుల్లో, మిగతా అంకెలన్నీ పెట్టి దాన్ని ఈ చక్రంలోంచే రాబట్టేవాళ్లు. అక్కర్లేని ప్రశ్నంట!

మీకు కోపం వచ్చినా ఒక మాట చెప్పాలి. మార్కులు గ్రూపులో పెట్టడం తప్పన్నా. మీ గుంటలో రొయ్యలకి తెల్లమచ్చ రోగం వస్తే ఆ ఫోటో ఊరందరికీ పంపుకుంటారా? గుట్టుగా టెక్నీషియన్‌ని పిలుచుకుంటారు. పిల్ల విషయంలో ఆ పాటి గుట్టు ఎందుకు లేదు? పదహారేళ్ల పిల్ల, ఇల్లొదిలి మొదటి ఏడాది, వారానికోసారి ఫోను. అందులోనూ తిట్లేనా? సిగ్గుపడితే చదువు రాదు, ప్రశ్నలు అడగడం ఆగిపోతుంది. అంచున రాసుకున్న ఆ ప్రశ్న గట్టిగా అడగకుండా పెన్సిలుతో ఎందుకు రాసుకుందో ఆలోచించండి. ఈ రాత్రికి ఆ గ్రూపులోది తీసేయండి. తీసేశానని పాపకి చెప్పండి.

ఇప్పుడు ఏఐ-ఎంఎల్. నేను ఆ కోర్సుకి శత్రువుని కాను. సంభావ్యత, మాత్రికలు, ప్రోగ్రామింగ్ అంటే ప్రాణం పెట్టే పిల్లలకి మంచి దారి. కానీ నా అనుమానాలు నాకున్నాయి. నేను స్వయంగా వెళ్లి చూసిన కొన్ని కాలేజీల్లో మారింది బోర్డు మాత్రమే. అదే ల్యాబ్, అవే కంప్యూటర్లు, నిరుడు వేరే సబ్జెక్టు చెప్పిన అదే లెక్చరర్. గుంపుగా దిగే చోట ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? తీరమంతా ఒకే వారంలో రొయ్య పిల్లల్ని వదిలి, ఒకే వారంలో పట్టుబడికి వస్తే రొయ్యల రేటు ఎలా పడిపోయిందో మీరే చూసి ఉంటారు. కోడ్ రాసే చిన్నాచితకా పనులు యంత్రమే చేసిపెడుతున్న ఈ రోజుల్లో, ఇష్టం లేని పిల్ల, మేనేజ్‌మెంట్ సీటు, నాలుగేళ్ల అప్పు అంటే నాకు మనసొప్పడం లేదు. మీ బావమరిది ఎవరినో ఒకరిని చూసి చెబుతున్నాడు. ఆ కోర్సు చదివి ఇంటికొచ్చి కూర్చున్న వాళ్లు నా దగ్గరికొస్తారు, ఆయన దగ్గరికి కాదు.

అలాగని కెమిస్ట్రీ అంటే పూలబాట అనీ చెప్పను. ఉత్త బీఎస్సీతో ఆగితే మొదటి జీతం చిన్నదే. ఎమ్మెస్సీ దాకా, వీలైతే ఆ పైదాకా చదివే ఓపిక ఉండాలి. పని మాత్రం మన చుట్టూనే ఉంది. నేలటూరు థర్మల్ కేంద్రంలో బాయిలర్‌లోకి పోయే నీటిని శుద్ధి చేసి పరీక్షించేది కెమిస్టే. కృష్ణపట్నం నూనె శుద్ధి కర్మాగారాల్లో క్వాలిటీ చూసేదీ వాళ్లే. మీరు గుంట నీళ్లు సీసాలో పట్టుకెళ్లి ఆల్కలినిటీ, అమ్మోనియా చూపించే ల్యాబులో జరిగేదీ కెమిస్ట్రీయే. పరిశోధన వైపు మనసుంటే ఐసర్ తిరుపతి ఉంది, సైన్సు చదువుకీ పరిశోధనకీ కేంద్రం పెట్టిన సంస్థ. ఏర్పేడు దగ్గర, గూడూరు మీదుగా వెళ్లే దారిలోనే. ఐదేళ్ల బీఎస్-ఎంఎస్. దాని ప్రవేశ పరీక్షలో నాలుగో వంతు బయాలజీ ఉంటుంది, ఎంపీసీ పిల్లలు అక్కడే కంగారు పడతారు. అయినా రాయొచ్చు. ఇంజనీరింగే కావాలని మీరు పట్టుబడితే కెమికల్ ఇంజనీరింగ్ అనేది ఒకటుంది, తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలోనూ ఉంది. మన వైపు ఎవరూ దాన్ని అడగరు, ఎందుకో.

పోల్చమన్నారు, నేను పోల్చింది తక్కువ, మిమ్మల్ని తిట్టింది ఎక్కువ అయింది. అడిగారు కాబట్టి నా మాట: ఇప్పుడు బ్యాచ్ మార్చొద్దు. ఫస్టియర్ పబ్లిక్ పరీక్షలు అయ్యేదాకా ఆగండి. అప్పటికీ పాప రాత్రిళ్లు నిద్రపోకుండా, అన్నం తినకుండా ఉంటే బ్యాచ్ కాదు, హాస్టలే మార్చండి. బ్యాచ్ ఏదైనా, ఏ బ్రాంచి అనే ప్రశ్న ఇంకో ఏడాది తర్వాతది. దాన్ని నాలుగు వీకెండ్ టెస్టులతో తేల్చకండి.

వచ్చే ఆదివారం ఫోన్లో మార్కుల ఊసెత్తకుండా ఈ లెక్క ఇవ్వండి. అదే ప్రశ్న, మూలకం వేరు. మొదటి మెట్టుకి 356.5, రెండో మెట్టుకి 651.5 కిలోజౌళ్లు. అంకెలు రాబట్టి, మూలకం పేరు చెప్పమనండి. అర మోలు మళ్లీ మర్చిపోతే నవ్వండి, అంతే. కష్టంగా ఉందంటే ఒక్క ఆధారం ఇవ్వొచ్చు: మన కొటార్ల ఉప్పుని తినే ఉప్పుగా ప్యాకెట్ చేసేముందు అందులో కలిపే మందులో ఉండేది అదే.