బ్రాయిలర్లలో బర్సా చిన్నదైపోవడానికి స్టెరాయిడ్ కారణమా?

ప్రశ్న: మా బ్రాయిలర్ కోళ్ల వయసు 26 రోజులు. ఎండలకు షెడ్డులో వేడి 38 డిగ్రీలు దాటుతోంది. ఒత్తిడి తగ్గుతుందని ఎవరో చెబితే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌ను 4 రోజులు నీళ్లలో కలిపి ఇచ్చాం. గంబోరో (వైరస్ జబ్బు) టీకా వేసినా జబ్బులు ఆగడం లేదు. చనిపోయిన కోళ్లను కోస్తే బర్సా (తోక దగ్గర ఉండే, రోగనిరోధక కణాలు తయారయ్యే సంచి) ప్లీహం కంటే చిన్నగా ఉంది. ఎందుకిలా?

జవాబు: డెక్సామెథసోన్ వెంటనే ఆపేయండి. అది ఒత్తిడిని తగ్గించే మందు కాదు, ఒత్తిడి హార్మోన్ చేసే పనే చేస్తుంది, అదీ మరింత గట్టిగా.

ఎండ దెబ్బకు కోడి అడ్రినల్ గ్రంథి కార్టికోస్టిరోన్ వదులుతుంది. బర్సా, థైమస్ (మరో రోగనిరోధక అవయవం) కణాల్లో దీన్ని పట్టుకునే గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్లు ఉంటాయి. హార్మోన్ అంటుకోగానే రిసెప్టర్ కేంద్రకంలోకి వెళ్లి కొన్ని జన్యువులను పనిలోకి దింపుతుంది. దాంతో కణాన్ని చావు వైపు నెట్టే బిమ్ వంటి ప్రొటీన్లు పెరుగుతాయి. మైటోకాండ్రియా నుంచి సైటోక్రోమ్-సి అనే ప్రొటీన్ బయటకు వస్తుంది, కాస్పేస్ ఎంజైములు కణాన్ని లోపలి నుంచే ముక్కలు చేస్తాయి. వాపు, చీము ఉండవు. ముక్కలను మాక్రోఫేజ్‌లు తినేస్తాయి కాబట్టి అవయవం నిశ్శబ్దంగా కుంచించుకుపోతుంది. యాంటీబాడీలు తయారుచేయాల్సిన బి-కణాలే తగ్గిపోతే టీకాకు సరైన స్పందన రాదు. ఇదే రిసెప్టర్ హెటెరోఫిల్స్‌లో (సూక్ష్మక్రిములను మింగే తెల్ల రక్తకణాలు) మాత్రం కణం చావును ఆలస్యం చేస్తుంది. అందుకే ఒత్తిడిలో రక్తంలో హెటెరోఫిల్స్‌కు, లింఫోసైట్లకు (బి-కణాల వంటి తెల్ల రక్తకణాలు) మధ్య నిష్పత్తి పెరుగుతుంది: 0.2 అయితే ఒత్తిడి తక్కువ, 0.8 అయితే తీవ్రం. మీరు స్టెరాయిడ్ ఇచ్చారు కాబట్టి ఇప్పుడు ఈ పరీక్ష చేస్తే ఎండ ప్రభావం, మందు ప్రభావం కలిసే కనబడతాయి.

అయితే బర్సా చిన్నదైతే ప్రతిసారీ స్టెరాయిడే కారణమనుకోకండి. గంబోరోలో అది మొదట ఉబ్బి, చుట్టూ జిగురు ద్రవం చేరి, వారం తర్వాత కుంచించుకుపోతుంది. దాణాలో బూజు విషాలు, చికెన్ అనీమియా వైరస్ కూడా ఇలాగే చేస్తాయి. అప్పుడే చనిపోయిన 4-5 కోళ్ల బర్సా, థైమస్, ప్లీహం ముక్కలను 10 శాతం ఫార్మలిన్‌లో, ముక్కకు పది రెట్ల ద్రవం ఉండేలా వేసి ల్యాబ్‌కు పంపండి. దాణా నమూనా కూడా జతచేయండి. థైమస్ మెడకు రెండు పక్కలా జుగులార్ సిర వెంట లంబికలుగా ఉంటుంది, కోసేటప్పుడు అది కూడా చిన్నదైందేమో చూడమనండి. గంబోరోకు ముఖ్య లక్ష్యం బర్సా, ఒత్తిడి హార్మోన్ మాత్రం రెండింటినీ దెబ్బతీస్తుంది.

ఉదయం 10 నుంచి సాయంత్రం 4 వరకు దాణా తీసేసి, రాత్రి చల్లబడ్డాక లైట్లు వేసి తినిపించండి. చల్లటి నీళ్లు మాత్రం ఎప్పుడూ ఉండాలి. కిలో దాణాకు 250 మిల్లీగ్రాముల విటమిన్-సి కలపండి. బ్యాచ్‌లో గుంపు ఎక్కువైతే పలుచన చేయండి, ఫ్యాన్ల గాలి కోళ్ల ఎత్తులో తగిలేలా చూడండి.

ఈ బ్యాచ్‌కు ఇప్పుడు మళ్లీ గంబోరో టీకా వేస్తే పెద్దగా ఫలితం ఉండదు. వచ్చే బ్యాచ్‌కు నీళ్లలో ఇచ్చే టీకాను తెల్లవారుజామున వేయండి. క్లోరిన్ లేని నీటిలో లీటరుకు 2.5 గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపి, 2 గంటల్లో తాగేసేలా ఇవ్వండి. కోళ్లు ఎండకు రొప్పుతున్న రోజుల్లో వద్దు.

స్టెరాయిడ్ ఎంత మోతాదులో, ఏయే తేదీల్లో ఇచ్చారో రాసిపెట్టి పశువైద్యుడికి చూపించండి. మాంసంలో మందు అవశేషాలు ఉండకుండా కోళ్లను ఎప్పుడు అమ్మాలో ఆయనే చెప్పాలి, అంతవరకు పంపకండి.